జీతాల ఫైలు నుంచి డైరెక్టరీలోకి: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు కాలేజీలకు, ఆఫీసులకు లాగిన్ సర్వర్లు పెట్టడం నా పని. జీతాల సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైలును (ట్యాగుల మధ్య సమాచారం రాసుండేది) ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లోకి, అంటే లాగిన్‌కు కావాల్సిన మనుషుల వివరాలు దాచే డైరెక్టరీ సర్వర్‌లోకి ఎక్కించాలి. "పైథాన్‌లో 20 లైన్లు రాస్తే అయిపోదూ?" అంటారు. ఫైలు చదవడం వరకైతే అవును.

అపోహ: పేరులో చివరి మాటే ఇంటిపేరు.

కొంప ముంచేది ఇదే. డైరెక్టరీలో ఒక్కో మనిషికి ఒక ఎంట్రీ. దానికి వాడే 'ఇనెట్‌ఆర్గ్‌పర్సన్' రకంలో 'సీఎన్', 'ఎస్‌ఎన్' రెండూ తప్పనిసరి. సీఎన్ అంటే మామూలుగా పూర్తి పేరు, ఎస్‌ఎన్ అంటే ఇంటిపేరు. అది లేకపోతే సర్వర్ 65వ నంబరు ఎర్రర్ చూపించి తిప్పి పంపేస్తుంది. ఒడియావాళ్లకు ఇంటిపేరు చివర, మనకేమో ముందు. ఒక కాలేజీలో నా మొదటి స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) అందరికీ చివరి మాటే తీసుకుంది. పండాలు, పట్నాయక్‌లు చక్కగా ఎక్కారు. తెలుగు మేష్టార్లలో సగంమంది ఇంటిపేరు 'రావు' అయి కూర్చుంది! "ఏం బాబూ, మా అందరికీ చుట్టరికం కలిపేశావా?" అని ఒక పెద్దాయన నవ్వారు. ఒక్క మాట పేరున్న అటెండరైతే, విడదీయడానికి రెండో మాట లేక, అసలు ఎక్కనే లేదు. ఇప్పుడు ఊహించడం మానేశాను. ఇంటిపేరుకు వేరే ట్యాగ్ అడుగుతాను. అది లేనివాళ్లకు ఉన్న పేరునే రెండు చోట్లా పెడతాను.

అపోహ: తెలుగు, ఒడియా అక్షరాలు పాడైపోతాయి.

పాడవవు. ఎల్‌డ్యాప్ (డైరెక్టరీతో మాట్లాడే పద్ధతి) మూడో వెర్షన్ వాడేది అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8. డైరెక్టరీ ఎంట్రీలు రాసుండే ఎల్‌డిఫ్ ఫైలు తెరిస్తే రెండు కోలన్లు, వాటి పక్కన అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల వరస కనిపించి టెన్షన్ పడతారు. అది బేస్64, అంటే ఏ అక్షరాలనైనా మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో రాసే పద్ధతి, అంతే.

అపోహ: ఎక్స్‌ఎంఎల్ చెట్టే (కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి ఉండేది), డైరెక్టరీ చెట్టే, ఉన్నదున్నట్టు దింపేయొచ్చు.

జీతాల ఫైల్లో చెట్టు ఎక్కడుంది? మనుషుల వరస, పక్కన డిపార్ట్‌మెంట్ కోడు. డిపార్ట్‌మెంట్ ఎంట్రీ లేకుండా దాని కింద మనిషిని పెట్టబోతే 32వ ఎర్రర్. అందుకే ముందు డిపార్ట్‌మెంట్లు, తర్వాత మనుషులు. డీఎన్‌లో, అంటే డైరెక్టరీలో ఆ ఎంట్రీ పూర్తి చిరునామాలో, పేరు బదులు ఉద్యోగి నంబరు వాడండి. పేరులో కామా ఉన్నా, రేపు పేరు మారినా తలనొప్పి ఉండదు.

అపోహ: తేడా వస్తే మళ్లీ నడిపిస్తే సరి.

రెండోసారి 68 వస్తుంది, 'ఇప్పటికే ఉంది' అని. ఎంట్రీలు ఎక్కించే ఎల్‌డ్యాప్‌యాడ్ కమాండ్‌కు హైఫన్ సీ (-c) ఆప్షన్ ఇస్తే ఆగకుండా ముందుకు పోతుంది కానీ పాత ఎంట్రీని ముట్టుకోదు. రాయగడకు బదిలీ అయినాయన డైరెక్టరీలో ఇంకా బరంపురంలోనే ఉంటారు. స్క్రిప్టే ముందు వెతికి, పోల్చి, మారినవాటినే సరిచేయాలి. రిటైరైనవాళ్లను మాత్రం నేను స్క్రిప్టుతో తీయను. జాబితా ప్రింటు తీసి గుమస్తాగారికి ఇస్తాను. ఆయన టిక్కు పెట్టినవే తీస్తాను.