‘హెల్త్ డ్రింక్’ అనే మాట వెనుక నూట యాభై ఏళ్ళు

2024 వేసవిలో ఒక రోజు మా పక్క ఫ్లాట్ పిన్నిగారు ఫోన్‌లో సరుకుల యాప్ తెరిచి పట్టుకుని వచ్చారు. మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. ఆవిడ మనవడిని చూసుకోవడానికి ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పిల్లాడి పాలల్లో కలిపే పొడి అయిపోయిందట. "అమ్మాయ్, మొన్నటిదాకా ఇందులో హెల్త్ డ్రింక్స్ అని విడిగా ఉండేది. ఇప్పుడు కనపడట్లేదు. ఆ పొడి రావడం ఆగిపోయిందా ఏంటి?" అని అడిగారు.

పొడి ఆగలేదు. అదే డబ్బా, అదే రంగు, అదే రుచి. పోయింది ఆ పేరొక్కటే.

ఆ ఏడాది ఏప్రిల్ 2న ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఒక సూచన ఇచ్చింది. పాలు, ధాన్యం, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు)తో చేసిన పానీయాల పొడులను ‘హెల్త్ డ్రింక్’, ‘ఎనర్జీ డ్రింక్’ అనే వరుసల్లో పెట్టొద్దని చెప్పింది. 10న కేంద్ర వాణిజ్య శాఖ కూడా అదే మాట చెప్పింది, బోర్న్‌వీటా పేరెత్తి మరీ. కారణం చాలా చిన్నది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో గానీ, దాని నిబంధనల్లో గానీ ‘హెల్త్ డ్రింక్’ అనేదానికి నిర్వచనమే లేదని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ విచారణలో తేలింది. అదే నెలాఖరుకు హిందుస్థాన్ యూనిలీవర్ హార్లిక్స్ ఉన్న విభాగానికి ‘ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్’ అని పేరు మార్చుకుంది.

చట్టంలో లేని మాట మన ఇళ్ళల్లో ఇన్నేళ్ళు ఎలా నిలబడింది? పిన్నిగారికి ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పి పంపేశాను. నిజానికి అది రెండు ముక్కల్లో తేలేది కాదు.

మొదట్లో ఇందులో అసలైన శాస్త్రమే ఉంది. విలియం హార్లిక్, జేమ్స్ హార్లిక్ అనే అన్నదమ్ములు ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్ళి 1873లో చికాగోలో వ్యాపారం పెట్టారు. పసిపిల్లలకు, రోగులకు తేలిగ్గా అరిగే ఆహారం చేయాలన్నది వాళ్ళ ఆలోచన. మొలకెత్తిన బార్లీని, పాలను కలిపి చేసిన మాల్టెడ్ మిల్క్ అనే పొడికి 1883లో పేటెంట్ వచ్చింది. బార్లీ గింజను నానబెట్టి మొలకెత్తిస్తే అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది పిండి పదార్థాన్ని విడగొట్టి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. సగం అరుగుదల గిన్నెలోనే అయిపోయినట్టు.

ఇది మన అమ్మమ్మలకు తెలియని విద్యేమీ కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసిరితే వచ్చే పిండీ అలాంటిదే. మామూలు రాగిపిండితో జావ కాస్తే చిక్కబడి గడ్డకడుతుంది. మొలకల పిండితో కాస్తే అదే కొలతకు పల్చగా జారుతుంది. పసివాడి పొట్ట చిన్నది కాబట్టి, పల్చగా ఉంటూనే ఎక్కువ పిండి ఇమిడే జావ వాడికి నిజంగా మేలు. మాల్ట్ గురించి గట్టిగా చెప్పదగ్గ సంగతి ఇదే. అయితే ఇది అన్నం, పప్పు, గుడ్డు తిని హరాయించుకునే ఏడేళ్ళ పిల్లాడికి సంబంధించిన సంగతి కాదు.

అమ్మకం పెరగాలంటే పసిపిల్లలు, రోగులు చాలరు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళూ కొనాలి. 1930ల్లో బ్రిటన్‌లో హార్లిక్స్ ప్రకటనలు ‘నైట్ స్టార్వేషన్’ అనే జబ్బును పరిచయం చేశాయి. నిద్రలో కూడా గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, దాంతో శక్తి ఖర్చయిపోయి పొద్దున్నే నీరసంగా లేస్తారు, కాబట్టి పడుకునే ముందు ఒక కప్పు తాగండి అని. నిద్రలో శక్తి ఖర్చవడం నిజం. దాన్ని జబ్బు అనడం మాత్రం ప్రకటన రాసినవాళ్ళ కల్పన. ఏ వైద్యమూ దాన్ని జబ్బుగా గుర్తించలేదు. ఒక నిజాన్ని ముందు పెట్టి, దాని నీడలో నిజం కానిదాన్ని నిలబెట్టే ఈ పద్ధతి ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

మన దేశానికి ఈ పొడి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సిపాయిలతో పాటు వచ్చిందంటారు. 1960లో పంజాబ్‌లోని నాభాలో ఫ్యాక్టరీ వెలిసింది, తర్వాత మన రాజమండ్రిలోనూ. పాలు దొరకడమే కష్టంగా ఉన్న రోజులవి. పాల వెల్లువ కార్యక్రమం మొదలైందే 1970లో. నీళ్ళ పాలకు కాస్త చిక్కదనం, కాస్త రుచి వస్తుందంటే మధ్యతరగతి ఇల్లు ఎందుకు వద్దంటుంది? ఈ పొడులకు దక్షిణ, తూర్పు రాష్ట్రాలే పెద్ద మార్కెట్ అయ్యాయి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని చూడ్డానికి వెళ్తే బ్రెడ్డు, బత్తాయిలతో పాటు ఒక హార్లిక్స్ సీసా తీసుకెళ్ళడం మర్యాద అయింది. ఖాళీ సీసాల్లో ఆవకాయ, ఇంగువ, పోపు గింజలు. ఆ సీసా మీద మనకున్న నమ్మకం ఏ పరిశోధన చదివి వచ్చింది కాదు, మన వంటింటి అల్మరాలోంచి వచ్చింది.

ఆ రోజుల్లోనే శాస్త్రవేత్తల మధ్య ఒక పెద్ద వాదన నడిచింది. పేద దేశాల పిల్లల అసలు లోటు ప్రోటీన్ అని 1950, 60ల్లో ఐక్యరాజ్యసమితి సంస్థలు గట్టిగా నమ్మాయి. మన దేశంలో గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ లాంటివాళ్ళు మన ఆహారపు లెక్కలు చూసి వేరే మాట చెప్పారు. చాలామంది పిల్లలకు అసలు తిండే చాలట్లేదు, కడుపు నిండా మామూలు తిండి తింటే ప్రోటీన్ లోటు చాలావరకు తీరుతుంది అన్నారు. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ అనే పోషకాహార శాస్త్రవేత్త లాన్సెట్ వైద్య పత్రికలో ఆ నమ్మకాన్ని ‘మహా ప్రోటీన్ వైఫల్యం’ అని పిలిచాడు. శాస్త్రం ముందుకు వెళ్ళిపోయింది. ప్రకటనలు మాత్రం ఆ పాత భయాన్నే పట్టుకున్నాయి. ఇప్పుడు బెంగళూరు సూపర్ మార్కెట్లలో ప్రోటీన్ బిస్కెట్లు, ప్రోటీన్ చిప్స్ చూసినప్పుడల్లా నాకు ఆ వాదనే గుర్తొస్తుంది.

మనవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన పరిశోధన ఒకటుంది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో 14 నెలల పాటు చేశారు. 2006లో న్యూట్రిషన్ అనే పత్రికలో వచ్చింది. ఒక గుంపు పిల్లలకు విటమిన్లు, ఖనిజాలు చేర్చిన పానీయం ఇచ్చారు. రెండో గుంపుకు అవి చేర్చని పానీయం ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో పిల్లలకూ తెలియదు, కొలిచేవాళ్ళకూ తెలియదు. మేలైన పద్ధతి ఇదే. విటమిన్లు అందిన పిల్లల్లో ఏకాగ్రత కొంత మెరుగైంది. తెలివితేటల కొలతల్లో, జ్ఞాపకశక్తిలో, చదువు మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు గుంపులూ పానీయం తాగాయి కాబట్టి ఆ కాస్త మెరుగూ విటమిన్లు, ఖనిజాల వల్లే అనుకోవాలి. పొడిని మెచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు. అవే విటమిన్లు, ఖనిజాలు ఆకుకూరల్లో, గుడ్డులో, పప్పులో దొరుకుతాయి.

టీవీలో మాత్రం ‘పొడుగ్గా, బలంగా, చురుగ్గా’ అన్న మాట మోగిపోయింది. 2008లో అలాంటి హార్లిక్స్ ప్రకటన ఒకటి బ్రిటన్‌లో ఒక నేపాలీ చానల్లో వస్తే, అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ దానికి తగ్గ ఆధారాలు లేవని ఆపించింది. అది బ్రిటన్ కోసం చేసింది కాదని కంపెనీ జవాబు. అక్కడి పిల్లలకు ఆధారం కావాలి, మన పిల్లలకు అక్కర్లేదా అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2023 ఏప్రిల్‌లో ఒక యువకుడు బోర్న్‌వీటాలో చక్కెర ఎంతుందో చెబుతూ వీడియో పెట్టాడు. కంపెనీ లీగల్ నోటీసుతో వీడియో తీసేశాడు, కానీ అప్పటికే అది ఇంటింటికీ చేరిపోయింది. ఆ ఏడాది చివరికి కంపెనీ 100 గ్రాములకు అదనపు చక్కెరను 37.4 గ్రాముల నుంచి 32.2కి తగ్గించింది. 2024లో వచ్చిన ఆదేశాలకు దారి అక్కడి నుంచే పడింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం పిన్నిగారి వంటింట్లో నేనే కూర్చుని లెక్క చూశాను. వాళ్ళింట్లో ఉన్న డబ్బా వెనక అదనపు చక్కెర బరువులో దాదాపు మూడో వంతు అని ఉంది. గ్లాసుకు 20 గ్రాములు వేసుకోమని ఉంది. ఆవిడ ఎప్పుడూ వేసినట్టే రెండు చెంచాలు కుప్పగా వేయమని, కేకుల కోసం కొన్న చిన్న తూకం మీద పెట్టాను. 30 గ్రాములు వచ్చింది. అంటే 10 గ్రాముల చక్కెర. పైన ఇంకో చెంచా పంచదార, అది 5 గ్రాములు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మొత్తం 30 గ్రాములు. ఐదేళ్ళ పిల్లాడికి మన దేశ ప్రమాణం ప్రకారం రోజుకు సుమారు 1360 కిలో కేలరీలు కావాలి. పాలల్లో సహజంగా ఉండేది కాక, తిండిలో కలిపే చక్కెర, జ్యూసుల్లోని చక్కెరల నుంచి వచ్చే శక్తి అందులో పదో వంతు దాటకూడదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే 34 గ్రాములు. ఇంకా తగ్గించి 17కి తెస్తే మరీ మంచిదంది. బిస్కెట్టు, చాక్లెట్టు, జ్యూసు లెక్కలోకి రాకముందే పాల గ్లాసులతోనే హద్దు దగ్గరికి వచ్చేశాం.

"మరి రాగి మాల్ట్ ప్యాకెట్టు తెస్తే?" అన్నారు పిన్నిగారు. రాగి నిజంగా మంచిదే. 100 గ్రాముల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఏ బియ్యంలోనూ అంత లేదు. 2023 చిరుధాన్యాల సంవత్సరం అయ్యాక బెంగళూరులో ఏ షాపుకెళ్ళినా మిల్లెట్ ప్యాకెట్లే. కానీ వెనక్కి తిప్పి చూస్తే కొన్నిటిలో మొదటి పేరు పంచదారో బెల్లం పొడో ఉంటుంది. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరే ముందు రాయాలన్నది నిబంధన. ఆ వరుస ఎలా చదవాలో ఆవిడకు చూపించాను. అప్పటి నుంచి కళ్ళజోడు సంచిలో వేసుకుని మరీ షాపుకి వెళ్తున్నారు.

పొడి మాత్రం మానలేదు. అది లేకపోతే మనవడు పాలు ముట్టడు, పాలు వాడికి కావాలి. పంచదార ఆపేశారు, రెండు కుప్ప చెంచాల బదులు అంచుకి సమంగా గీసిన చెంచా ఒక్కటే వేస్తున్నారు. మొదటి వారం వాడు గ్లాసు పక్కకి తోశాడట. రెండో వారం నుంచి తాగుతున్నాడు.