సింహాల కోసం ఖాళీ చేసిన అడవి

2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి తెచ్చిన 8 చీతాలను మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో వదులుతుంటే దేశమంతా టీవీల్లో చూసింది. జనం లేని అంత పెద్ద అడవి అక్కడ ముందే సిద్ధంగా ఎలా ఉందో ఆ రోజు పెద్దగా ఎవరూ చెప్పలేదు. దాన్ని సిద్ధం చేసింది చీతాల కోసం కాదు, గుజరాత్‌లోని గిర్ నుంచి రావాల్సిన సింహాల కోసం. వాటి పేరు మీదే రెండు దశాబ్దాల ముందు 24 ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ సింహాలు ఇప్పటికీ రాలేదు.

ఎన్ని చీతాలు బతికాయి, ఎన్ని చనిపోయాయి అన్న చర్చ అవసరమే. కానీ కునో తగాదా మూలం తెలియాలంటే ముందు గిర్ సంగతి తెలియాలి.

ఆసియా సింహం ఒకప్పుడు సిరియా, ఇరాన్‌ల నుంచి మన బిహార్ దాకా తిరిగేది. నర్మద దాటి దక్షిణానికి వచ్చిందనడానికి గట్టి ఆధారాల్లేవు. మన గుడి స్తంభాల మీద, సింహాచలం పేరులో ఉన్న సింహం మన అడవుల్లో బతికింది కాదు. తుపాకులు వచ్చి, అడవులు పొలాలై, 19వ శతాబ్దం ముగిసేసరికి మన దేశంలో సింహాలు ఒక్క గిర్‌లోనే మిగిలాయి. అది జునాగఢ్ నవాబుల వేట అడవి. 1900లో వైస్రాయ్ కర్జన్ జునాగఢ్ వెళ్లి కూడా సింహాల వేట మానుకున్నాడు. అప్పటికి ఇరవై కూడా మిగల్లేదని రాసినవాళ్లున్నారు. వేటకు వచ్చే దొరలను ఆపడానికి నవాబులు లెక్క తగ్గించి చెప్పారన్న అనుమానమూ ఉంది. 1936లో లెక్కపెడితే 287 తేలాయి. 1968కి అవి 177కు పడిపోయాయి. 2025 లెక్కలో 891.

ఇది మామూలు విజయం కాదు. గుజరాత్ అటవీ సిబ్బంది కష్టాన్ని, తమ గేదెల్ని సింహాలు ఎత్తుకుపోతున్నా వాటితో సర్దుకుపోయిన మాల్ధారీ పశుకాపరుల ఓర్పును ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే ఆ 891 సింహాలూ ఉన్నది గిర్‌లో, దాని చుట్టుపక్కల సౌరాష్ట్ర జిల్లాల్లో. అడవి చాలక చాలా సింహాలు పొలాల్లోకి, బావుల దగ్గరికి, రైలు పట్టాల మీదికి వచ్చేశాయి. పైగా అవన్నీ కొద్దిపాటి సింహాల సంతానం కాబట్టి వాటి జన్యువుల్లో తేడాలు తక్కువ. ఒకదాన్ని పడగొట్టిన జబ్బు మిగతావాటినీ పడగొట్టే ప్రమాదం ఎక్కువ.

ఈ భయం ఊహ కాదు. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ సోకి మూడో వంతు సింహాలు, అంటే సుమారు వెయ్యి, చనిపోయాయి. వైరస్ వచ్చింది చుట్టుపక్కల ఊళ్ల పెంపుడు కుక్కల నుంచి. సింహాలకు ఎక్కడి నుంచి ఏం అంటుకుంటుందో 2021లో మనవాళ్లూ చూశారు. హైదరాబాద్ నెహ్రూ జూలో 8 ఆసియా సింహాలకు కొవిడ్ సోకినట్టు సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. అవి జూలో, డాక్టర్ల కళ్ల ముందు ఉన్నాయి కాబట్టి కోలుకున్నాయి. అడవిలో ఆ వెసులుబాటు ఉండదు.

అందుకే సింహాలకు రెండో ఇల్లు కావాలన్న మాట ఎప్పటినుంచో ఉంది. 1957లో ఉత్తరప్రదేశ్‌లోని చంద్రప్రభ అభయారణ్యానికి ఒక మగ సింహాన్ని, రెండు ఆడ సింహాలను తరలించారు. 1965 నాటికి అవి 11 అయ్యాయి. తర్వాత కనబడకుండా పోయాయి. కాల్చారో, విషం పెట్టారో, ఎవరూ తేల్చలేదు. సెరెంగెటి దెబ్బకు ముందే, 1993లో, నిపుణులు వడోదరలో సమావేశమై ఈ ఆలోచనను మళ్లీ ముందుకు తెచ్చారు. భారత వన్యప్రాణి సంస్థ రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలోని కొన్ని అడవులను పరిశీలించింది. వాటిలో చంబల్ ఉపనది కునో ఒడ్డున, షియోపూర్ జిల్లాలో ఉన్న అడవే అన్నిటికంటే మేలని చెప్పింది.

అక్కడి నుంచి మనుషుల కథ మొదలవుతుంది. నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. 1990ల చివర్లో మొదలుపెట్టి నాలుగైదేళ్లలో 24 గ్రామాల నుంచి 1,500కు పైగా కుటుంబాలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది సహారియా ఆదివాసులు. నల్లమల చెంచుల్లాగే వాళ్లనూ ప్రభుత్వం అత్యంత బలహీన గిరిజన సమూహాల్లో చేర్చింది. అడవిలో చెట్ల బంక, ఇప్పపువ్వు, తునికాకు వాళ్ల ఆదాయం. వర్షాధార సేద్యం కొంత, పశువులు కొంత. అభయారణ్యం అంచున కుటుంబానికి రెండు హెక్టార్ల చొప్పున భూమి ఇచ్చారు. చాలాచోట్ల అది రాళ్లనేల, నీళ్లకు కటకట. బంక చెట్లు వెనకాల అడవిలో ఉండిపోయాయి. కొత్త చోట మేత లేక వదిలేసిన పశువులు ఆ అడవిలోనే మందలుగా తిరిగాయి. చెంచు పెంటలను టైగర్ రిజర్వ్ నుంచి బయటికి తరలించాలన్న మాటలు విన్న మనకు ఆ కుటుంబాలు ఏం పోగొట్టుకున్నాయో విడమర్చి చెప్పనక్కర్లేదు.

సింహాలొస్తాయి, వాటి వెంట పర్యాటకులొస్తారు, పని దొరుకుతుంది అని చెప్పి వాళ్లను ఒప్పించారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి, గడ్డి పెరిగింది, జింకలూ పెరిగాయి. గుజరాత్ మాత్రం సింహాలను ఇవ్వనంది.

గుజరాత్ వాదనలో కొంత బలం లేకపోలేదు. కునోలో ఎండ ఎక్కువ, ఆహారానికి తగినన్ని జింకలు లేవు, రణథంభోర్ నుంచి పులులు వస్తుంటాయి, ఆ ప్రాంతంలో తుపాకులకు కొదవ లేదు. ఇవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ వాటి వెనక ఉన్న అసలు మాట, సింహం గుజరాత్ గర్వకారణం, బయటికి పంపం అని. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 15న దీన్ని తోసిపుచ్చింది. వన్యప్రాణులు ఏ రాష్ట్రం సొత్తూ కావని, చూడాల్సింది ఆ జాతి మేలు మాత్రమేనని చెప్పి, ఆరు నెలల్లో సింహాలను కునోకు తరలించమంది. కునోకు ఆఫ్రికా చీతాలను తేవాలన్న కేంద్రం నిర్ణయాన్ని కూడా అదే తీర్పులో కొట్టేసింది.

చీతాల ఆలోచన అప్పటికి కొత్తదేం కాదు. రాజులు వేట కోసం చీతాలను పెంచేవాళ్లు. 1880లో విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటుగా ఉన్న ఇర్విన్ అనే దొర, వేటలో విజయనగరం రాజావారి చీతా దాడికి గురై చనిపోయాడు. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం మహారాజు కాల్చిన మూడు చీతాలే దేశంలో చివరివని చెబుతారు. 1952లో ఆ జాతి మన దేశంలో అంతరించిందని ప్రకటించారు. 2009లో, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన జైరాం రమేశ్ పర్యావరణ మంత్రిగా ఉండగా చీతా పథకం ఊపందుకుంది. 2013 తీర్పుతో ఆగిన ఆ పథకానికి 2020 జనవరిలో సుప్రీంకోర్టే ప్రయోగాత్మకంగా అనుమతి ఇచ్చింది. సింహాల తరలింపు ఆదేశం మాత్రం అమలు కాకుండానే ఉండిపోయింది.

ఈ మధ్యలో, 2018 సెప్టెంబర్, అక్టోబర్‌లలో, గిర్‌లోని దల్ఖానియా రేంజ్‌లో మూడు వారాల్లో 23 సింహాలు చనిపోయాయి. పరీక్షల్లో డిస్టెంపర్ వైరస్, పిడుదుల ద్వారా సోకే బెబీసియా అనే పరాన్నజీవి బయటపడ్డాయి. అమెరికా నుంచి టీకాలు తెప్పించి, పట్టుకున్న సింహాలకు వేశారు. ఇరవై అయిదేళ్లుగా నిపుణులు హెచ్చరించినది సరిగ్గా ఇదే. ఇంత జరిగినా ఒక్క సింహాన్నీ కునోకు పంపలేదు.

2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి మరో 12 చీతాలు కునోకు వచ్చాయి. బాగ్చా అనే మరో సహారియా ఊరు ఖాళీ అయింది. ఆఫ్రికాలో సింహాలు చీతా కూనలను చంపేస్తాయన్నది తెలిసిన సంగతే. ఇక్కడ చీతాలు నిలదొక్కుకునే దాకా సింహాలను తెచ్చే ధైర్యం ఏ అధికారీ చేస్తాడని నేననుకోను.

గుజరాత్ ఇప్పుడు పోర్‌బందర్ దగ్గరి బర్దా అడవిని సింహాల రెండో ఇల్లుగా చూపిస్తోంది. 2023లో ఒక సింహం తనంతట తానే అక్కడికి చేరింది. అది సంతోషించాల్సిన విషయమే. కానీ బర్దా గిర్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరం. మధ్యలో ఉన్నవి అవే ఊళ్లు, అవే పశువులు, అవే కుక్కలు. జబ్బు నుంచి కాపాడే దూరం అది కాదు. కునో ఇక సింహాలకు పనికిరాదనుకుంటే ఆ మాట కేంద్రం సుప్రీంకోర్టుకే సూటిగా చెప్పి, గుజరాత్ బయట మరో అడవిని ఎంచాలి. అంతకంటే ముందు, ఆ 24 ఊళ్లవాళ్లకు సాగునీరు ఇచ్చి, అడవిలో బంక తీసుకునే వీలు కల్పించాలి. దానికి సింహాల రాకతో పనిలేదు, ఈ ఏడాదే చేయొచ్చు.