ఆ 35 రోజుల వెనుక కథ

ఆస్ట్రేలియాలో శరణార్థి వీసా కేసు ట్రిబ్యునల్‌లో (అధికారుల వీసా నిర్ణయాలను మళ్లీ పరిశీలించే సంస్థలో) ఓడిపోతే, ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లడానికి 35 రోజుల గడువు ఉంటుంది. ఆ రోజులు లెక్కపెట్టేది కాగితం మనిషి చేతికి అందిన నాటి నుంచి కాదు, ట్రిబ్యునల్ నిర్ణయం రాసిన తేదీ నుంచి. ఉత్తరం పాత అడ్రసుకు పోయినా, తెలియజేయాల్సిన పద్ధతిలో అధికారులే తప్పు చేసినా, లెక్క మాత్రం ఆగదు. ఇంగ్లీషు రాక, లాయర్‌కు డబ్బుల్లేక, తిప్పి పంపేస్తారన్న టెన్షన్‌తో బతికే మనిషికి 35 రోజులు ఎంత తొందరగా కరిగిపోతాయో చెప్పనక్కర్లేదు.

అయినా ఇవాళ్టి నిబంధన పాతవాటికన్నా నయమే. 1994లో అమల్లోకి వచ్చిన చట్టం 28 రోజులే ఇచ్చింది. ఒక్క రోజు దాటినా గడువు పెంచే అధికారం కోర్టుకు లేదు. 2001 ఆగస్టులో నార్వే ఓడ టాంపా సముద్రంలో కాపాడిన 433 మందిని ఆస్ట్రేలియా తన గడ్డ మీద దిగనివ్వలేదు. వారిలో ఎక్కువమంది అఫ్ఘానిస్తాన్ హజారాలు. ఆ తర్వాతి నెలలోనే పార్లమెంటు వీసా నిర్ణయాలను కోర్టులు ప్రశ్నించకుండా చట్టం చేసింది, హైకోర్టుకు వెళ్లడానికి కూడా 35 రోజుల హద్దు పెట్టింది. అక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది.

2002లో ఆ చట్టాన్ని శరణు కోరిన ఒకరు సవాలు చేశారు. శరణు కోరేవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి ఆ కేసు ఎస్157 అన్న గుర్తుతోనే ప్రసిద్ధమైంది. చట్టం ఇచ్చిన అధికార పరిధి దాటి చేసిన నిర్ణయం చట్టం దృష్టిలో నిర్ణయమే కాదని, కాబట్టి ఆ గడువు దానికి వర్తించదని 2003లో హైకోర్టు తేల్చింది. 2005లో పార్లమెంటు ఆ సందును మూసింది. నిర్ణయం చేతికందాక 28 రోజులు, కోర్టు ఒప్పుకుంటే ఇంకో 56 రోజులు, అంతే. 2007లో బంగ్లాదేశ్ పౌరుడి వీసా కేసులో, తన దగ్గరికి రావడానికి పార్లమెంటు పెట్టిన ఆ హద్దును హైకోర్టు కొట్టేసింది. మోసం లాంటివి ఆలస్యంగా బయటపడితే ఆ మనిషి దారేమిటని చూడని గడువు రాజ్యాంగానికి నిలవదన్నది దాని వాదన.

చివరికి 2009 మార్చిలో ఇప్పటి పద్ధతి వచ్చింది. గడువు 35 రోజులు. అది దాటినవాళ్లు ఎందుకు ఆలస్యమైందో రాసి అడగాలి. న్యాయ నిర్వహణకు అవసరమనిపిస్తే జడ్జి ఎన్ని రోజులైనా పొడిగించవచ్చు. విద్యార్థి వీసా మీద అక్కడికెళ్లిన మన తెలుగు పిల్లల కేసులు కోర్టుకెక్కినా ఇదే లెక్క.

మన దగ్గర 1963 నాటి లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేస్తాం కదా, దాదాపు అలాంటిదే. 1987లో మన సుప్రీంకోర్టు ఈ విషయంలో ఉదారంగా ఉండాలని చెప్పిన కేసులో నాలుగు రోజులు ఆలస్యమైంది ప్రభుత్వానికే. లాయర్లు, గుమాస్తాలు ఉన్న ప్రభుత్వానికే ఆ జాలి దొరికినప్పుడు, ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్లకు అంతకన్నా ఎక్కువ దొరకాలి.

పొడిగింపు అడిగినప్పుడు జడ్జి ఆలస్యం ఎంత, కారణమేమిటి, కేసులో పస ఉందా అని చూస్తారు. చాలాకాలం ఈ మూడోదాన్ని పైపైన చూస్తే చాలని అనుకునేవారు. లోతుగా చూసినా తప్పు కాదని 2022 ఆగస్టులో హైకోర్టు చెప్పింది. నాకు బాధనిపించేది ఇక్కడే. గడువు కోసం వెళ్లిన మనిషి, దుబాసీ సాయంతో తనే వాదించుకుంటూ, ఆ ఒక్క విచారణలోనే మొత్తం కేసు పోగొట్టుకోవచ్చు. అసలు కేసు విని కొట్టేస్తే అప్పీలు ఉంది. పొడిగింపు నిరాకరిస్తే అప్పీలు లేదని చట్టంలోనే ఉంది. నిరాకరించిన జడ్జే తన పరిధి దాటారని చూపిస్తూ ఫెడరల్ కోర్టులో మళ్లీ మొదటి నుంచి పిటిషన్ వేసుకోవాలి.