మండువా లోగిలి వయసు: అపోహలు - వాస్తవాలు

పాత ఇళ్ల మరమ్మతు నా పని. గోదావరి జిల్లాల్లో వందేళ్లు దాటిన ఏ మండువా లోగిలికి, అంటే నడుమ పైకప్పు లేని మండువా ఉండే ఇంటికి, వెళ్లినా ముందు దాని వయసు చెబుతారు. ఎక్కువ పొరపాట్లు అక్కడే.

అపోహ: పెంకు మీద 1865 అని ఉంది, కాబట్టి ఇల్లు అప్పటిదే.
వాస్తవం: మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారి పెంకుల ఫ్యాక్టరీ మొదలైన సంవత్సరం అది. ఆ అంకె తర్వాత చాలా ఏళ్లు అచ్చులో ఉండిపోయింది. అంకె కన్నా పేరు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్టు అనే బ్రిటిష్ సంస్థ చేతికి వెళ్లాయి, పెంకుల మీద పేరూ మారింది. అయినా పెంకు చెప్పేది కప్పు వయసే. వాసాల మీద పాత మేకుల బెజ్జాలు ఇప్పటి రీపర్లతో (పెంకులు ఆనే సన్న చెక్కలతో) కలవకపోతే, అంతకుముందు కుమ్మరి పెంకో తాటాకో ఉండి ఉండొచ్చు.

అపోహ: గుమ్మం మీద సంవత్సరం చెక్కి ఉంటే ఇక తిరుగులేదు.
వాస్తవం: ‘ఆనంద’ అని ఉంటే అది 1854, 1914, 1974లో ఏదైనా కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కదా. పైగా మంచి టేకు గుమ్మాన్ని ఎవరూ పారేయరు. పాత ఇంటిది ఊడదీసి కొత్త ఇంటికి పెట్టుకునేవారు.

అపోహ: ఇల్లంతా ముత్తాతగారు ఒకేసారి కట్టించారు.
వాస్తవం: నేను చూసినవాటిలో అలాంటివి తక్కువ. అన్నదమ్ములు విడిపోతే ఒక గుమ్మం మూసేస్తారు, ఇంకో వంటిల్లు లేస్తుంది. దీనికి పంపకాల దస్తావేజును మించిన ఆధారం లేదు. ఏ నడవ ఎవరికో, నూతి నీళ్లలో ఎవరికెంత హక్కో అందులో ఉంటుంది. ఇంట్లో కాగితం పోయినా, రిజిస్టరైనదైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు కోసం అడగండి.

అపోహ: పాత గోడకు సిమెంటు పూస్తే గట్టిపడుతుంది.
వాస్తవం: సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల ఉప్పు పేరుకుని ఇటుక పొడి పొడి అయిపోతుంది. మళ్లీ సున్నమే పూయించండి. సిమెంటు పూతతో ఇంకో నష్టం, మూసిన గుమ్మాల గుర్తులన్నీ దాని కిందే కప్పబడిపోతాయి.

అందుకే మేస్త్రీని పిలిచేముందే ఆ గుర్తులన్నిటినీ ఫోటో తీయండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే మండువాలో కుర్చీ వేసి, కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి ఏ మూల ఉండేదో అడగండి. మగవాళ్లు తేదీలు చెబుతారు, గదులు గుర్తుండేది ఆడవాళ్లకే.