ట్రోపోనిన్ చెప్పేది ఒకటి, కొవ్వు పరీక్ష చెప్పేది మరొకటి

కర్నూలు బుధవారపేటలో పెద్దాసుపత్రి ముందు ల్యాబు చీటీలు పట్టుకుని తిరిగేవాళ్లలో ఆదోని, ఎమ్మిగనూరు, డోన్ నుంచి పొద్దున్నే బస్సెక్కి పరగడుపున వచ్చినవాళ్లు ఎందరో ఉంటారు. ఛాతీ నొప్పితో వచ్చి ఇంటికి తిరిగిపోయేవాళ్ల నోట తరచూ వినపడే మాట: "ట్రోపోనిన్ నెగటివ్ అంటన్నా, ఇంక గుండెకేం భయం లేదు." నాకు భయం పుట్టించేది ఈ ధీమానే. ట్రోపోనిన్ అంటే గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి కారే ప్రొటీన్. ఛాతీ నొప్పప్పుడు చేసే ఆ పరీక్ష గుండె కండరం ఇప్పుడు దెబ్బతిందా అన్నదే చెబుతుంది. వచ్చే పదేళ్ల మాట చెప్పే పరీక్షలు వేరు. ఈ రెండు రకాలూ పుట్టిన దారులే వేరు.

మొదటి దారి 1954లో మొదలైంది. గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్ పెరుగుతుందని అమెరికా వైద్యులు గమనించారు. ఇప్పుడు కాలేయ పరీక్షల చీటీలో కనిపించే ఎస్‌జీఓటీయే అది. కాలేయం చెడినా పెరుగుతుంది గనక గుండెకు అది నమ్మకమైన సాక్షి కాలేకపోయింది. తర్వాత గుండె కండరంలో ఎక్కువగా ఉండే సీకే-ఎంబీ అనే ఎంజైమ్ పరీక్ష వచ్చింది. 1989లో జర్మనీకి చెందిన హ్యూగో కాటస్ బృందం ట్రోపోనిన్-టి పరీక్షను తయారుచేసింది. 2000లో ఐరోపా, అమెరికా వైద్య సంఘాలు గుండెపోటు నిర్వచనాన్నే ట్రోపోనిన్ చుట్టూ తిరగరాశాయి. నొప్పి మొదలైన తొలి గంటల్లో ఇది పెరగకపోవచ్చు. డాక్టరు మళ్లీ రక్తం తీయమంటే అందుకే, డబ్బు కోసం కాదు.

రెండో దారి అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి నుంచి బయల్దేరింది. 1948 నుంచి అక్కడ 5,209 మందిని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. కొలెస్ట్రాల్, బీపీ ఎక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువని 1961లో తేల్చారు. 'రిస్క్ ఫ్యాక్టర్' అన్న మాట వైద్యంలో పాతుకుపోయింది అక్కడినుంచే. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం వచ్చాక చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, నేరుగా కొలవకుండానే లెక్కగట్టడం తేలికైంది. మన ల్యాబుల్లో చాలావరకు నేటికీ అదే లెక్క. రక్తంలోని మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే ఆ లెక్క చెల్లదు.

మనవాళ్లకు చిక్కు ఇక్కడే. షుగరుతో పాటు ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, మంచి కొలెస్ట్రాల్ తక్కువగా ఉండటం దక్షిణాసియా వారిలో మామూలు. అలాంటప్పుడు ఎల్‌డీఎల్ అంకె బాగానే కనిపిస్తుంది గానీ, రక్తనాళాల గోడల్లో చేరే కొవ్వు రేణువుల సంఖ్య ఎక్కువే ఉండవచ్చు. ఒక్కో రేణువుకు ఒక్కో అపోబి ప్రొటీన్ ఉంటుంది గనక అపోబి పరీక్ష ఆ రేణువులను లెక్కపెట్టినట్టే. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో ఈ అపోబికీ, మంచి కొలెస్ట్రాల్ రేణువుల్లో ఉండే అపోఎ1 ప్రొటీన్‌కీ ఉన్న నిష్పత్తికి పెద్ద పీట వేసింది. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు మిగతావాళ్లకంటే దాదాపు ఆరేళ్లు ముందే వస్తోందని కూడా దాని లెక్కల్లోనే తేలింది.

ల్యాబు ప్యాకేజీల్లో ఇంకా అమ్ముతున్న హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం) పరీక్ష కథ వేరు. అది పెరిగితే రక్తనాళాలు చెడతాయేమోనని 1969లో అమెరికా వైద్యుడు కిల్మర్ మెకల్లీ అనుమానం లేవనెత్తాడు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే దాని స్థాయి తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదని 2006 నాటి పెద్ద ప్రయోగాలు చూపాయి. సూచిక వేరు, కారణం వేరు. నా మట్టుకు ఆ పరీక్షకు పెట్టే డబ్బు వేరేచోట పెట్టాలి.

ఆ వేరేచోటు లైపోప్రోటీన్ (ఎ) పరీక్ష. అది ఎల్‌డీఎల్ లాంటి ఒక కొవ్వు రేణువు. 1963లో నార్వేకి చెందిన కోరె బెర్గ్ దాన్ని కనుగొన్నాడు. రక్తంలో దాని స్థాయి పుట్టుకతో వచ్చేది. తిండి మార్చినా, ఎంత నడిచినా పెద్దగా కదలదు. అందుకే జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024 మార్గదర్శకాల్లో ఈ పరీక్షకు చోటిచ్చింది. అది డెసిలీటరు రక్తానికి 50 మిల్లీగ్రాములు దాటితే బీపీ, షుగరు, ఎల్‌డీఎల్, పొగ విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి.

పేదలకు ఉచిత వైద్యం కోసం 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో పక్కనున్న అనంతపురం ఒకటి. గుండె ఆపరేషన్‌కు డబ్బు లేక ప్రాణం పోగొట్టుకునే రోజులనుంచి ఆ పథకం ఎన్నో కుటుంబాలను గట్టెక్కించింది. కానీ నొప్పి రాకముందు చేయించుకునే ఈ పరీక్షలకు చాలామంది సొంత జేబే తడుముకోవాలి. అందరికీ అన్నీ అక్కర్లేదు. తండ్రికో అన్నకో 55 లోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చిన ఇంట్లోవాళ్లు మాత్రం మామూలు కొవ్వు పరీక్షతో ఆగకుండా, లైపోప్రోటీన్ (ఎ) ఒక్కసారి రాయమని డాక్టర్ని అడగాలి.