0.90 అన్న బాక్సును వెంటనే నమ్మకండి

పిల్లలూ,

మారతహళ్లి రింగ్ రోడ్డు మీద వెళ్లే బండ్లను లెక్కపెట్టే మీ ప్రోగ్రామ్ వీడియో మొత్తం కూర్చుని చూశాను. చాలా బాగా చేశారు. కానీ "తాతయ్యా, మోడల్ 90 శాతం కరెక్ట్, బాక్సు మీద అదే చూపిస్తోంది" అని రాశారే, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం దాని గురించే.

బండ్లను గుర్తుపట్టే మోడల్ ఒక్కో బండి చుట్టూ బాక్సు గీసి, దాని మీద ఒక అంకె వేస్తుంది కదా. ఆ 0.90 మీరు పెట్టిన మార్కు కాదు, మోడల్ తనకు తానే వేసుకున్న మార్కు. అది నిజమో కాదో తేల్చుకోవాలంటే, 0.90కి అటూ ఇటూగా ఉన్న బాక్సులు ఒక వంద ఏరి, ఒక్కొక్కటీ కళ్లతో చూడండి. తొంభై దాకా సరిగ్గా ఉంటే ఆ అంకెను నమ్మొచ్చు. డెబ్బయ్యే ఉంటే మోడల్ గొప్పలు చెప్పుకుంటోందన్నమాట. మీ మోడల్ లాంటి లోతైన న్యూరల్ నెట్‌వర్కులకు ఈ అతి నమ్మకం మామూలే అని 2017లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు, స్కోర్లను నేల మీదకు దించే సులువైన పద్ధతి కూడా చెప్పారు. టెంపరేచర్ స్కేలింగ్ అంటారు, వెతికి చదవండి, లెక్క మీకు అందేదే.

ఇక మీ వీడియోలో వంతెన పక్కన ఆగిన ఆటో చూడండి. ఆకుపచ్చ ఒళ్లు, పసుపు టాపు, మన బెంగళూరులో ఏ పసివాడైనా చెప్పేస్తాడు. మీ మోడల్ మాత్రం దాన్ని 'కారు' అంది, కాసేపటికి అదే ఆటో కాస్త తిరగ్గానే 'ట్రక్కు' అంది, రెండుసార్లూ గట్టిగానే. మీ కోడ్‌లో తప్పేం లేదు. మీరు దింపుకున్న మోడల్ కోకో అనే డేటాసెట్ మీద, అంటే ఏది ఏమిటో పేర్లు రాసిపెట్టిన ఫొటోల మీద, నేర్చుకున్నది. 2014లో వచ్చిన ఆ డేటాసెట్‌లో మొత్తం 80 రకాల వస్తువులున్నాయి, జీబ్రా ఉంది, జిరాఫీ ఉంది, మంచు మీద జారే పలక కూడా ఉంది, ఆటో మాత్రం లేదు! తనకు తెలిసిన ఎనభైలో దేనికి దగ్గరగా ఉంటే ఆ పేరు తగిలించడం తప్ప దానికి వేరే దారి లేదు. మన రోడ్ల కోసం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు, ఇంటెల్ వాళ్లు కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేశారు, హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీదే తీసిన ఫొటోలు, అందులో ఆటోకి వేరే లేబుల్ ఉంది. దానితో మళ్లీ ట్రైనింగ్ ఇవ్వండి, మీరు బాల్కనీ నుంచి తీసిన వీడియోలోని ఫ్రేములు, అంటే విడి ఫొటోలు, కూడా కొన్ని కలపండి, ఎందుకంటే ఆ డేటాసెట్ ఫొటోలు కారులోంచి తీసినవి, మీవి పైనుంచి తీసినవి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ మోడల్‌కి చాలా పెద్దది.

సిగ్నల్ దగ్గర స్కూటర్లు తక్కువగా లెక్కకు రావడం మీరు గమనించారా? ఒకే బండి చుట్టూ మోడల్ చాలా బాక్సులు గీస్తుంది, చివర్లో నాన్ మ్యాక్స్ సప్రెషన్ (ఎన్ఎంఎస్) అనే అంచెలో ఎక్కువ స్కోరున్న బాక్సును ఉంచి, దాని మీద బాగా పడిన మిగతా వాటిని తీసేస్తారు. ఖాళీ రోడ్డు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. మన ట్రాఫిక్‌లో రెండు స్కూటర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడతాయి కదా, రెండో స్కూటర్‌ని మోడల్ చూసినా ఈ అంచెలో అది కొట్టుకుపోతుంది. బాక్సులు ఒకదాని మీద ఒకటి ఎంత పడితే తీసేయాలన్న హద్దు సడలిస్తే అది తిరిగి వస్తుంది, కానీ ఒకే బస్సుకు రెండు బాక్సులు రావడం మొదలవుతుంది. అందుకే 2017లో సాఫ్ట్ ఎన్ఎంఎస్ అని ఒకటి వచ్చింది, అది బాక్సును తీసి పారేయకుండా స్కోరు మాత్రం తగ్గిస్తుంది. మీ వీడియో మీద రెండూ పెట్టి చూడండి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టింది మీరు టెస్ట్ చేసిన తీరు. ఒకే వీడియోలోని ఫ్రేములను కలగలిపి కొన్ని ట్రైనింగ్‌కి, కొన్ని టెస్ట్‌కి పెట్టారు. సెకనుకు ఇరవై ముప్పై ఫ్రేములుంటాయి, పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకటే, అంటే మోడల్‌కి ముందే చూసిన ప్రశ్నపత్రం ఇచ్చినట్టే! రోజుల వారీగా విడదీయండి. ఒక రోజు వీడియో మొత్తం పక్కన పెట్టేయండి, వీలైతే అది వానపడ్డ సాయంత్రం అయ్యుండాలి, తడి రోడ్డు మీద హెడ్‌లైట్ల వెలుగు ఇంకో బండిలా కనిపించేటప్పుడు మీ మోడల్ ఏం చేస్తుందో అప్పుడు తెలుస్తుంది. స్కోరు పడిపోతుంది, పడిపోనివ్వండి, అదే అసలు స్కోరు.

ఇంకో మాట. 2018లో టొరంటో పరిశోధకులు ఒక గది ఫొటోలో ఏనుగు బొమ్మ అతికించి చూశారు. కొన్నిసార్లు మోడల్‌కి ఏనుగు కనబడలేదు సరే, అంతవరకు సరిగ్గా గుర్తుపట్టిన కుర్చీల్లాంటి వస్తువులు కూడా తప్పిపోయాయి, ఏనుగు వాటికి దూరంగా ఉన్నా సరే. అలాంటి పరీక్ష మీరూ చేయొచ్చు, ఒక ఫ్రేములో ఆవు బొమ్మ అతికించి చూడండి.

పీణ్యలో ఫ్యాక్టరీ క్వాలిటీ సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ నాకు పని నేర్పింది పక్కన పడేసిన ముక్కలే. కాబట్టి మొత్తం స్కోరు నాకు పంపకండి. మోడల్ తప్పు చేసిన ఫ్రేములు విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఒక్కోదాని పక్కన ఎందుకు తప్పుపోయిందని మీకనిపిస్తోందో ఒక ముక్క రాసి పంపండి. ఆదివారం వీడియో కాల్‌లో వరసగా చూద్దాం.

మీ తాతయ్య