పసుపు కాగితం మీద కుంకుడు రసం

బడిలో ల్యాబ్ లేదు, ఇంట్లో పిల్లలతో ఖర్చు లేకుండా చేయించదగ్గ ప్రయోగాలు పది చెప్పమని ఒక పాఠకురాలు అడిగారు. పది చెప్పను. పసుపుది ఒక్కటే చెబుతాను. దాన్నే పట్టుకుని వేసవి సెలవుల్లో సగం గడిపేయొచ్చు.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని తెలుగువాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. కొత్త దంపతులకు గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీసేది వాటితోనే. చొక్కా మీద పడ్డ కూర మరకకు సబ్బు రాయగానే ఎర్రగా తేలేదీ ఇదే సంగతి.

ముందు కాగితం తయారుచేసుకోవాలి. చెంచాడు పసుపును నాలుగు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, పైకి తేరిన దాంట్లో డ్రాయింగ్ పేపరు ముక్కలు ముంచి నీడన ఆరబెట్టండి. పొయ్యికి దూరంగా, పెద్దవాళ్ళ చేత్తో. నీళ్ళతో చేసినా పనవుతుంది గానీ రంగు పలచన. పసుపు రంగుకు కారణమైన కర్క్యుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది.

ఇక నిమ్మరసం, మజ్జిగ, వంటసోడా నీళ్ళు, బట్టల సోడా, కట్టెల బూడిద నీళ్ళు, ఒంటిసబ్బు, ఏది దొరికితే అది ఒక్కో చుక్క వేయడమే. చుక్క వేసే ముందు ఏ రంగు వస్తుందో పిల్లల చేత రాయించాలి. మన పుస్తకాల్లో ‘ఎర్రగా మారును’ అని జవాబు ముందే అచ్చేసి ఉంటుంది. జవాబు తెలిశాక చేసేది ప్రయోగం కాదు, తంతు.

చివర్లో కుంకుడు రసం తీయండి. నురగ వస్తుంది, మురికి పోతుంది, కాబట్టి సబ్బు లాంటిదే అని చాలామంది పిల్లలు ఎరుపనే రాస్తారు. కాగితం మాత్రం పసుపుగానే ఉండిపోతుంది! సబ్బు నూనెల్ని కాస్టిక్ సోడాతో కలిపి చేసేది, నీళ్ళలో సున్నంలాగే క్షారగుణం చూపిస్తుంది, పసుపు ఎర్రబడేది ఆ క్షారానికే. కుంకుడులో నురగ సాపోనిన్లు అనే మొక్కల పదార్థాల వల్ల వస్తుంది, ఆ రసం కాస్త ఆమ్లం వైపే ఉంటుంది. మురికి వదలడానికి క్షారమే అక్కర్లేదు. ఒక కొన నీళ్ళనూ మరో కొన నూనెనూ పట్టుకునే అణువు ఉంటే చాలు. అంచనా తప్పిన ఆ క్షణంలో పిల్లలు అడిగే ప్రశ్నల కోసమే నాకీ ప్రయోగం అంటే ఇష్టం.

రంగెందుకు మారుతుంది? కర్క్యుమిన్‌ను 1815లోనే పసుపు నుంచి వేరుచేశారు, దాని నిర్మాణం 1910లో తేలింది. రెండు చివర్లా ఆరేసి కార్బన్ల బెంజీన్ వలయాలు, మధ్యలో ఒకటి విడిచి ఒకటి జంట బంధాలున్న కార్బన్ గొలుసు. ఆ పొడవునా ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదలగలవు. ఉయ్యాల అనుకోండి. పొట్టి తాళ్ళ ఉయ్యాల గబగబా ఊగుతుంది, పొడుగు తాళ్ళది నింపాదిగా. దాని లయకు సరిపడా తోస్తేనే ఎత్తుకు లేస్తుంది. ఇక్కడ తోసేది కాంతి. నీలికాంతి తోపులు వేగంగా పడతాయి, ఎర్రకాంతివి నెమ్మదిగా. మామూలు కర్క్యుమిన్ పొట్టి ఉయ్యాల, సుమారు 425 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న నీలికాంతిని మింగుతుంది. తెల్లని వెలుగులోంచి నీలం పోతే మన కంటికి మిగిలేది పసుపు. క్షారం వచ్చి కర్క్యుమిన్‌లోని హైడ్రాక్సిల్ సమూహం (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) నుంచి ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ కేంద్రకాన్ని, లాక్కుపోతుంది. ఆక్సిజన్ మీద మిగిలిన ఎలక్ట్రాన్లు గొలుసులోకి మరింతగా పరుచుకుంటాయి, అంటే తాళ్ళు పొడుగయ్యాయి. ఇప్పుడది ఆకుపచ్చ వైపు కాంతిని కూడా మింగుతుంది, మిగిలేది ఎరుపు. నిమ్మరసం ప్రోటాన్‌ను తిరిగిస్తే తాళ్ళు మళ్ళీ పొట్టి. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పీహెచ్, అందులో 7 తటస్థం, పైన క్షారం. ఈ మార్పంతా పీహెచ్ 7.4, 8.6 మధ్య జరుగుతుంది. వంటసోడా నీళ్ళు ఆ మధ్యలోనే ఉంటాయి కనుక ఎటూ తేలని నారింజ రంగు చూపిస్తాయి. పోలిక ఒకచోట తెగుతుంది: ఉయ్యాల కొద్దికొద్దిగా ఎత్తు పెరుగుతుంది, ఎలక్ట్రాన్ ఒకే గెంతులో పైమెట్టు ఎక్కుతుంది.

ఇంకో ఆట. బాగా పలచన చేసిన సున్నపు తేటలో పసుపు కలిపితే ఎర్రబడుతుంది. అందులోకి స్ట్రాతో ఊదాలి, పీల్చకూడదు. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నాన్ని తెల్లటి కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంటే ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, తేటను పెద్దవాళ్ళే తీసిపెట్టాలి, ఊదేటప్పుడు కళ్ళద్దాలుంటే మేలు.

అరచేతికి ముందే సున్నపు నీళ్ళు రాసుకుని, భక్తుడిచ్చిన పసుపును ‘రక్తం’ చేసే బాబాల కిటుకు కూడా ఇదే. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్ళలో ఇలాంటి మహిమల గుట్టు విప్పి చూపిస్తుంటారు. పిల్లలకు ఇది నేర్పితే వాళ్ళు ఇంట్లో కుంకుమ భరిణె మీద పడతారు, పడనివ్వండి. పసుపు, సున్నంతో చేసిన కుంకుమ నిమ్మరసానికి పసుపు రంగుకు తిరుగుతుంది. కృత్రిమ రంగు కలిపినదైతే సాధారణంగా అలా తిరగదు.

ఇదంతా అయ్యేసరికి బట్టలకు మరకలు ఖాయం, తిట్టకండి. ఉతికి ఎండలో వేస్తే వెలిసిపోతాయి, కర్క్యుమిన్‌ను వెలుతురు విరగ్గొడుతుంది. కాగితాలను నీడన ఆరబెట్టమన్నది అందుకే. నమ్మకం లేకపోతే ఒక పసుపు కాగితం మీద రూపాయి బిళ్ళ పెట్టి డాబా మీద ఎండలో ఉంచి, సాయంత్రం బిళ్ళ తీసి చూడండి.